చెప్పమన్నదే చెప్పాను

నేను పనిచేసేది పోలీసు ఆఫీసులో. కానీ పోలీసును కాను. యూనిఫాం లేదు, పరేడ్ లేదు, సెల్యూట్ కొట్టే పనిలేదు. స్టెనోగ్రాఫర్‌ని. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక అధికారి గది బయట, తలుపుకు ఎడమ పక్కన ఉన్న బల్ల నాది. ఆయన చెప్పింది రాసుకుని టైపు చేయడం, వచ్చిన ఉత్తరాలు విప్పి నంబరు వేసి లోపల పెట్టడం, ఫోన్లు కలపడం, ఎవరు ఎందుకొచ్చారో కనుక్కుని లోపలికి పంపడం. పదకొండేళ్ళుగా అదే బల్ల, అదే కుర్చీ. అధికారులు మాత్రం రెండేళ్ళకొకరు మారుతూ ఉంటారు.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడికి టీచరుగా వచ్చాడు. మేం పుట్టిందీ పెరిగిందీ ఈ ఊళ్ళోని జంగ్లీఘాట్‌లోనే. మా సందులో సగం ఇళ్ళు చేపల వేటకు వెళ్ళేవాళ్ళవి. బళ్ళో హిందీ, ఇంట్లో తెలుగు, సందులో రెండూ కలిపి. నాన్న బలవంతం మీద చదవడం, రాయడం కూడా వచ్చింది నాకు. ఆ తెలుగే తర్వాత నా మెడకు చుట్టుకుంది. మా ఆఫీసుకు తెలుగు వాళ్ళు ఎవరొచ్చినా, హిందీలో తడబడితే, లోపలి నుంచి బెల్లు మోగేది. నేను నోట్‌బుక్ పక్కన పెట్టి వెళ్ళి, ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పేదాన్ని. ఆ పని నా ఉద్యోగంలో ఎక్కడా రాసి లేదు.

మా ఆయన రంగత్‌లో స్కూలు టీచరు. సెలవులకు బస్సులో వస్తాడు, ఒక రోజంతా ప్రయాణానికే పోతుంది. నన్ను రంగత్‌కు మార్చమని నేను మూడుసార్లు దరఖాస్తు పెట్టుకున్నాను. మూడుసార్లూ ఒకటే జవాబు: నా స్థానంలో ఇంకొకరు రావాలి, అప్పుడే వదులుతారు. ఇంకొకరు రాలేదు. ఆ మూడు జవాబులూ టైపు చేసింది నేనే.

ఇది జరిగినది వానాకాలంలో. మా సందు చివరింట్లో ఒకతను ఉండేవాడు, ముప్పై నాలుగేళ్ళుంటాయేమో. చిన్న డింగీ పడవ ఉంది, ఇంజన్ వేసుకుని గాలానికి వెళ్ళేవాడు. ఎప్పుడూ జత మనిషితో వెళ్ళేవాడు. ఆ రోజు జత మనిషికి జ్వరం. వాన రెండ్రోజులు తెరిపిచ్చింది, ఆకాశం బాగానే ఉంది, దగ్గర్లోనే వేసి మధ్యాహ్నానికి వచ్చేస్తానని ఒక్కడే వెళ్ళాడు. పదకొండింటికే గాలి తిరిగింది. సాయంత్రానికి మిగతా డింగీలన్నీ ఒడ్డుకొచ్చాయి. అతనిది రాలేదు.

మర్నాడు అతని భార్య, అతని తల్లి మా ఆఫీసుకొచ్చారు. తప్పిపోయిన మనిషి రిపోర్టు నేనే రాశాను. ఎత్తు, రంగు, వేసుకున్న బట్టలు. నీలం హాఫ్ ప్యాంటు, పాత క్రికెట్ టీ షర్టు, మొలకు నల్లదారం. "ఇంకేమైనా గుర్తులున్నాయా?" అని అడిగాను. ఆమె ఆలోచించి, "నవ్వితే ఇటేపు పన్నొకటి అడ్డంగా ఉంటాది అక్కా," అంది. అది కూడా రాశాను.

గాలింపు బోట్లు నాలుగు రోజులు తిరిగాయి. ఏమీ దొరకలేదు. తర్వాత వాన మళ్ళీ పట్టుకుంది.

అప్పటి నుంచి ఆమె రోజూ పొద్దున్నే మా ఇంటికొచ్చేది. నేను మా బాబుకు టిఫిన్ డబ్బా కట్టి, తల దువ్వుకుంటూ ఉంటే గుమ్మంలో నిలబడేది. లోపలికి రమ్మన్నా వచ్చేది కాదు.

"అక్కా, ఏటైనా తెలిసిందేటి?"

"ఇంకా లేదమ్మా. తెలిస్తే నీకు చెప్పకుండా ఉంటానా?"

ఆ మాట అన్నప్పుడు అది నిజమే.

ఆటోలు ఆగే చోటి దాకా నాతోపాటు నడిచేది. నడుస్తూ నడుస్తూ అతనికి ఫోను చేసేది. చెవి దగ్గర పెట్టుకుని, కాసేపు విని, తీసేసేది. "స్విచ్డాఫ్ అని హిందీలో ఒకావిడ సెప్తాది అక్కా. ఆవిడ గొంతు నాకు పాటమైపోయింది. నంబరు పోతాదేమో అని రీఛార్జి కూడా సేయించినాను," అంది ఒక రోజు. వాన గురించి ఏదో మాట్లాడాను.

అతను వెళ్ళిన పన్నెండో రోజున, దక్షిణాన ఉన్న ఒక చిన్న దీవి ఔట్‌పోస్టు నుంచి వైర్‌లెస్ మెసేజ్ వచ్చింది. ఆ కాగితం ముందు నా బల్ల మీదికే వచ్చింది. ఒడ్డుకు మగ శవం కొట్టుకొచ్చింది. ముఖం గుర్తుపట్టే స్థితిలో లేదు. నీలం హాఫ్ ప్యాంటు. మొలకు నల్లదారం. సముద్రం బాగా లేక ఓడ రావడానికి వీల్లేదు, శవం నిలవదు, అందుకని అక్కడి డాక్టరు పరీక్షలకు కావలసినవి తీసుకుని, పాతిపెట్టి గుర్తు వేశారు.

ఆ కాగితం మీద నంబరు వేయడానికి స్టాంపు తీశాను. తలకిందులుగా వేశాను. పదకొండేళ్ళలో ఎప్పుడూ అలా వేయలేదు.

లోపలికి తీసుకెళ్ళి ఇచ్చాను. మా అధికారి చెడ్డవాడు కాదు. ఉత్తరాది మనిషి, నెమ్మదస్తుడు, కాగితం అంతా రెండుసార్లు చదువుతాడు. చదివి, కళ్ళద్దాలు తీసి, నన్ను చూశాడు. వాళ్ళు మా సందువాళ్ళని ఆయనకు తెలుసు.

"సర్, వాళ్ళకి చెప్పనా?" అని హిందీలో అడిగాను.

వద్దన్నాడు. కారణం కూడా చెప్పాడు. ఇదివరకు ఆయన పనిచేసిన చోట ఇలాగే ఒక కుటుంబానికి కబురు చెప్పారట. కర్మకాండలన్నీ అయిపోయాయి. మూడు వారాల తర్వాత ఆ మనిషి బతికి వచ్చాడు. పడవ కొట్టుకుపోతే ఎవరో కాపాడి ఎక్కడో దింపారట. "నీలం నిక్కరు వేసుకునేవాళ్ళు, మొలతాడు కట్టుకునేవాళ్ళు ఈ దీవుల్లో ఎంతమంది లేరు? రిపోర్టు రానీ. చేతిలో కాగితం ఉన్నాక చెబుదాం. అప్పటిదాకా ఇది ఈ గది దాటకూడదు. నీ ఇల్లు ఎక్కడో నాకు తెలుసు కాబట్టి మరీ మరీ చెబుతున్నాను," అన్నాడు.

ఆయన చెప్పింది తప్పని ఇప్పటికీ అనలేను. అదే నా కష్టం. ఆయన దుర్మార్గుడైతే నాకు సులువుగా ఉండేది.

మర్నాడు పొద్దున్న ఆమె గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏటైనా తెలిసిందేటి అక్కా?"

"లేదమ్మా," అన్నాను. "ఇంకా ఏం రాలేదు."

తలవంచుకుని చెప్పులు వేసుకున్నాను. ఆ రోజు ఆటో స్టాండుదాకా నడక చాలా పొడుగనిపించింది. తర్వాతి రోజు ఇంట్లోంచి ముందే బయల్దేరాను. ఆ మర్నాడు ఇంకా ముందుగా. ఆమె కూడా ముందే రావడం మొదలుపెట్టింది. ఊళ్ళోనే డైరీ ఫార్మ్ అనే పేటలో మా ఆడపడుచు ఇల్లుంది. బాబును తీసుకుని నాలుగు రోజులు అక్కడికి వెళ్ళిపోయాను. ఒంట్లో బాగాలేదని సందులో అబద్ధం చెప్పాను. రెండో రోజు ఆమె ఆఫీసు గేటు దగ్గర కనిపించింది. "ఇంటికాడ లేవని ఇటొచ్చినానక్కా. ఒంట్లో బాగోలేదంట గదా, ఎలాగుంది?" అని అడిగింది. ఆమె నన్ను పరామర్శిస్తుంటే అక్కడ నిలబడి జవాబు చెప్పాను.

ఎటు వెళ్ళినా ఈ దీవి అంతే కదా. చివరకు రోడ్డు సముద్రం దగ్గర ఆగుతుంది.

మా ఆయనకు ఫోనులో చెబుదామనుకున్నాను. చెప్పలేదు. రహస్యం అని కాదు. చెబితే ఆయన, "ఆమెకు చెప్పెయ్యి," అంటాడు. లేదా, "చెప్పకు, ఉద్యోగం పోతుంది," అంటాడు. రెండూ నాకు తెలిసినవే.

ఇంకో వారానికి ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. శవం ఎవరిదో తేల్చాలంటే రక్తసంబంధీకుల నెత్తురు కావాలి, తల్లిదైతే మంచిది. మా అధికారి అత్తాకోడళ్ళిద్దరినీ పిలిపించాడు. దానికి ముందు నన్ను పిలిచి, అంగీకార పత్రం టైపు చేయమన్నాడు. చేశాను. ఒక పేజీ, ఇంగ్లీషులో. నేను తప్పులు లేకుండా టైపు చేస్తానని ఆఫీసులో పేరు. అది కూడా ఒక్క తప్పు లేకుండా చేశాను.

వాళ్ళు వచ్చారు. ముసలావిడ ఉతికిన తెల్లచుక్కల చీర కట్టుకుంది. కోడలు చేతికి గాజులు, నుదుట బొట్టు, ఎప్పటిలాగే. ఇద్దరూ కుర్చీల అంచున కూర్చున్నారు. నేను బల్ల పక్కన నిలబడ్డాను.

"ఇన్‌కో బోలో, బస్ ఫార్మాలిటీ హై. ఫైల్ కే లియే," అన్నాడాయన. ఫైలు కోసం, ఊరికే మామూలు తంతు అని చెప్పమని.

ఆ గదిలో తెలుగు వచ్చినవాళ్ళం మేం ముగ్గురమే. నేను ఏం చెప్పినా ఆయనకు అర్థమయ్యేది కాదు. వాళ్ళ ముఖాలు చూసి ఏమైందని అడిగితే, భయపడుతున్నారు సర్ అంటే సరిపోయేది. ఇదంతా నాకు తర్వాత తట్టిన ఆలోచన కాదు. అప్పుడే, అక్కడే తట్టింది. నోరు తెరిచే ముందు ఒక్క క్షణం నా ముందు ఆ దారి ఖాళీగా కనిపించింది.

"పెద్దమ్మా, నీ నెత్తురు కొంచెం తీసుకుంటారంట. సూదితో, ఒక్క చుక్క. ఊరికే ఫార్మాలిటీ. ఫైల్లో ఉండాలంట," అన్నాను.

ఆయన చెప్పమన్నదే చెప్పాను.

ముసలావిడ నా వైపు తిరిగింది. "నెత్తురు దేనికే పాపా? మనిషి దొరికితే మనిషిని సూపిత్తారు. దొరక్కపోతే లేదంతారు. నెత్తురు దేనికి?"

"అది రూలు పెద్దమ్మా."

"నా నెత్తురే ఎందుకు? దీనిది ఎందుకొద్దు?" అంది కోడలిని చూపించి.

"క్యా పూఛ్ రహీ హై?" అని అధికారి అడిగాడు. నొప్పి పుడుతుందా అని అడుగుతోంది సర్, అన్నాను. ఆయన ఆవిడకేసి చూసి జాలిగా నవ్వి, పుట్టదని చెయ్యి ఊపాడు.

ముసలావిడకు సంతకం రాదు. వేలిముద్ర వేయించడానికి ఇంకు ప్యాడ్ తెచ్చాను. కాగితం జరగకుండా కోడలు పట్టుకుంది. ఆమె పదో తరగతి దాకా హిందీ మీడియంలో చదివింది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటుంది. అత్త బొటనవేలు ఎక్కడ ఆనించాలో చూడ్డానికి వంగి, అలాగే ఉండిపోయింది.

"అక్కా," అంది. "ఇక్కడ బాడీ అని రాసుంది."

నేను టైపు చేసిన పేజీలో మూడో లైను. చిటికెన వేలు ఆ మాట కింద పెట్టి చూపించింది, టీచరుకు తప్పు చూపించే పిల్లలా.

"బాడీ అంతే ఏటే?" అని ముసలావిడ అడిగింది. కోడలు కాగితం మీంచి తలెత్తి నన్నే చూస్తోంది.

"ఎప్పుడు తెలిసింది?"

"ఇంకా తేలలేదమ్మా. అతనో కాదో తెలీదు. అందుకే..."

"ఎప్పుడు తెలిసిందక్కా?"

తొమ్మిది రోజులైందని చెప్పాను. ఆమె మనసులో వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుందని నాకు తెలుసు. తొమ్మిది పొద్దులు, గుమ్మంలోనో గేటు దగ్గరో. అత్త చెయ్యి పట్టుకుని, ఇంకు అంటిన వేలిని కాగితం మీద తనే ఆనించి, గట్టిగా నొక్కింది. లేచి, కొంగుతో ఆవిడ వేలు తుడిచి, ఇద్దరూ బయటికి వెళ్ళిపోయారు. ఆసుపత్రికి తీసుకెళ్ళే కానిస్టేబుల్ వాళ్ళ వెనక నడిచాడు.

"సమఝ్ గయే?" అని అధికారి అడిగాడు.

"అర్థమైంది సర్," అన్నాను.

మర్నాటి నుంచి ఆమె మా గుమ్మానికి రాలేదు.

రిపోర్టుకు రెండున్నర నెలలు పట్టింది. ఆ రెండున్నర నెలల్లో సందులో నాతో ఎవరూ తగాదా పడలేదు. అది కూడా ఒక రకం శిక్షేనేమో. నేను కుళాయి దగ్గరికి వెళితే మాటలు కాస్త తగ్గేవి, అంతే. చేపలమ్మే ఆవిడ ఇంతకుముందు నా బుట్టలో ఎంచి వేసేది, ఇప్పుడు, "మీరే సూసి తీసుకోండి," అనడం మొదలుపెట్టింది. పక్కింటి అన్న మాత్రం ఒకసారి అనేశాడు: "నువ్వేటి సేత్తావులే సెల్లీ, నౌకరీ అలాంటిది." ఆయన జాలికి కూడా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నేను నాలుగోసారి దరఖాస్తు రాశాను. ఈసారి రంగత్ అని కాదు, ఇదే ఊళ్ళో ఏ సెక్షన్‌కైనా సరే, రికార్డు రూమ్‌కైనా సరే, ఈ బల్ల నుంచి మార్చమని. అధికారి ఎప్పటిలా రెండుసార్లు చదివాడు.

"నీకెందుకు బాధగా ఉందో నాకు తెలుసు. కానీ నువ్వు వెళ్ళిపోతే తెలుగు ఎవరు మాట్లాడతారు?" అన్నాడు.

కాగితం మడిచి నాకే ఇచ్చేశాడు. దాని మీద ఏమీ రాయలేదు, అందువల్ల ఈసారి జవాబు టైపు చేసే పని తప్పింది.

రిపోర్టు వచ్చిన రోజు వాన లేదు. ఎండ బాగా కాస్తోంది. లక్క ముద్ర వేసిన కవరు, పొద్దున్న పది గంటల తపాలాలో. మా అధికారి మీటింగ్‌కు వెళ్ళాడు, మూడింటికి గానీ రాడు. లక్క ముద్ర ఉన్నా, రహస్యం అని రాసి లేకపోతే విప్పే అధికారం నాకుంది. ఆ మాట దాని మీద లేదు. విప్పాను. తల్లి నెత్తురు కలిసింది. అతనే.

నంబరు వేశాను. తారీఖు వేశాను. రిజిస్టర్లో ఎక్కించాను. ఇంకా పదీ ఇరవై. మూడు దాకా ఇది ఈ బల్ల మీద ఉండాలి, మూడుకు ఆయన చదవాలి, ఆపైన వాళ్ళను రేపు రమ్మని కబురు పంపాలి, రేపు మళ్ళీ నేను ఆయన బల్ల పక్కన నిలబడాలి. చేతులు కీబోర్డు మీద ఉన్నాయి. ఏదో రిమైండరు టైపు చేస్తున్నాను, ఒకే లైను రెండుసార్లు టైపు చేశాను.

లేచాను. కవరు అధికారి బల్ల మీద పెట్టి, పైన పేపరు వెయిట్ పెట్టాను. హెడ్ క్లర్కుతో గంటలో వస్తానన్నాను. "కహా?" అని అడిగాడు. ఇంటికి, అన్నాను.

ఆటో దిగి సందులోకి నడిచాను. కోడలు ఇంటి ముందు వల బాగుచేస్తోంది, ఎవరిదో తెచ్చుకున్న పని. ముసలావిడ గడప మీద ఉంది. పనివేళలో, ఆఫీసు చీరలో నన్ను చూడగానే ఇద్దరికీ తెలిసిపోయి ఉంటుంది. అయినా చెప్పాను. నోటితో చెప్పాలనే వచ్చాను.

"కాగితం వచ్చింది. అతనే. నెత్తురు కలిసింది. ఇంకా మా సార్ కూడా చూడలేదు, మీకే ముందు చెబుతున్నాను."

కోడలి చేతిలో సూది ఆగింది. కాసేపటికి మళ్ళీ కదిలింది. అల్లుతున్న వల కన్ను పూర్తిచేసి, దారం పళ్ళతో తెంపి, అప్పుడు వల పక్కన పెట్టింది. ముసలావిడ మాత్రం "ఓలమ్మా" అని ఒక్క కేక వేసింది. చుట్టుపక్కల వాళ్ళంతా పరుగెత్తుకొచ్చారు. నన్ను ఎవరూ పొమ్మనలేదు, ఉండమనలేదు. ఆడవాళ్ళు కోడలి చుట్టూ చేరారు, నేను వెనక్కి జరిగి జరిగి గోడకు ఆనుకున్నాను. గంట దాటిపోయింది. తిరిగి ఆఫీసుకు వెళ్ళాను.

కబురు నాకంటే ముందే ఆఫీసుకు చేరింది. అధికారి అరవలేదు. మూడున్నరకు బెల్లు కొట్టాడు. నోట్‌బుక్ తీసుకుని వెళ్ళాను. డిక్టేషన్ మొదలుపెట్టాడు. రెండో వాక్యానికి గానీ అది నాకే ఇస్తున్న మెమో అని అర్థం కాలేదు. అధికారికి తెలియజేయక ముందే కార్యాలయ సమాచారాన్ని బయటపెట్టినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. ఆఫీసులో ఇంకో స్టెనో లేదు. నేనే రాసుకున్నాను, నేనే టైపు చేశాను, ఆయన సంతకం చేశాడు, నంబరు నేనే వేసి, అందినట్టు కింద నేనే సంతకం పెట్టాను. ఆయనా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. హెడ్ క్లర్కు మాత్రం తర్వాత టీ తాగుతూ నవ్వాడు, నాకూ కాస్త నవ్వొచ్చింది.

సంజాయిషీలో నిజమే రాశాను. వాళ్ళు మా సందువాళ్ళు, తెలిసి ఆగలేకపోయాను, అని. భవిష్యత్తులో జాగ్రత్తగా ఉండమని హెచ్చరించి వదిలేశారు. ఆ కాగితం నా సర్వీసు ఫైల్లో ఉంది. బదిలీ కోరితే ఇక అది కూడా చూస్తారు.

సముద్రం నెమ్మదించాక వాళ్ళు ఓడలో ఆ దీవికి వెళ్ళి, గుర్తు వేసిన చోటు చూసి వచ్చారు. టికెట్లకు సిఫారసు ఉత్తరం నేను టైపు చేశాను. నేను కూడా వస్తానని అడగాలనుకున్నాను. నా పేరు ఆ ఉత్తరంలో చేర్చమని వాళ్ళెవరూ చెప్పలేదు.

ఇంకో నెలకు కోడలు మా ఆఫీసుకొచ్చింది, మరణ ధ్రువీకరణ పత్రానికి మా ఉత్తరం కావాలని. నా బల్ల ముందు కుర్చీలో కూర్చుంది. చిక్కిపోయింది. స్కూల్లో వంటపనికి కుదిరిందని సందులో విన్నాను.

"ఎలా ఉన్నావమ్మా? పెద్దమ్మకు ఒంట్లో ఎలా ఉంది?" అని అడిగాను.

"ఠీక్ హై మేడమ్," అంది. "సైన్ కహా కర్నా హై?"

మా సందుకు కోడలిగా వచ్చినప్పటి నుంచి నాతో తెలుగే మాట్లాడిన మనిషి. ఆమె హిందీ నాకంటే బాగుంది, పదాలు శుభ్రంగా పలుకుతోంది. నేను కూడా హిందీలోనే, ఇక్కడ, అని చూపించాను. సంతకం పెట్టింది. లోపల బెల్లు మోగింది. అధికారి తలుపు సందులోంచి ఆమెను చూసి నన్ను రమ్మన్నాడేమో అనుకుని లేచాను. ఆమె నా కంటే ముందు లేచి, తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. తన పని తనే చెప్పుకుంటున్న గొంతు బయటికి వినిపించింది, ఎక్కడా తడబడలేదు.

నేను కూర్చున్నాను. ఆమె ఉత్తరంలో అతని తండ్రి పేరులో ఒక అక్షరం తప్పు పడింది. సరిచేసి, మళ్ళీ ప్రింటు తీశాను.